వదిన వంతు

మార్చి 3, మంగళవారం

ఫైనల్లో ఉన్నాను.

మెయిల్ వచ్చేసరికి మా సెంటర్లో వినికిడి పరీక్ష చేసే బూత్‌లో ఒక పెద్దాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కుయ్‌మని వినపడినప్పుడల్లా బటన్ నొక్కమని ఆయనకి చెప్పి, అద్దానికి ఇవతల నేను ఫోన్ చూసుకుంటున్నాను. మెయిల్ చదివాక శబ్దం పంపడమే మరిచిపోయాను. ఆయన మాత్రం పాపం బటన్ నొక్కుతూనే ఉన్నాడు. బయటికొచ్చి, ‘ఎలా ఉందమ్మా నా వినికిడి?’ అని అడిగాడు. ‘లేనివి కూడా వినపడుతున్నాయండీ, మళ్ళీ కూర్చోండి’ అన్నాను.

కనపడ్డ ప్రతి స్క్రీన్‌ప్లే పోటీకీ పంపడం, తిప్పికొట్టించుకోవడం ఎన్నేళ్ళ నుంచో. ‘మీ ప్రయత్నం అభినందనీయం’ అన్న ముక్క కనపడితే చాలు, మిగతాది చదవకుండా తుడిచేయడం అలవాటైపోయింది. ఈసారి ఆ ముక్క లేదు. మే నెలలో రచయితల ఉత్సవమట. ఫైనల్‌కి వచ్చిన స్క్రిప్టుల్ని నటులు వేదిక మీద చదువుతారట.

బహుమతి ఇస్తే ఇస్తారు, లేకపోతే మానేస్తారు. నాకు కావలసింది బహుమతి కాదు. నలుగురూ వినాలి. మా అన్నయ్య ఎలా పోయాడో, ఎవరి చేతిలో పోయాడో వినాలి.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను.

“ఏ కథ?” అంది.

“అన్నయ్య కథ.”

టీవీ సౌండు తగ్గించింది. “దాన్లో కోడలు కూడా ఉందా?”

రెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ పలకని మాట అది. “ఉంది” అన్నాను.

“ఎలా ఉంది?”

“ఎలా ఉంటుందో అలాగే ఉంది.”

మళ్ళీ సౌండు పెంచింది. ఫైనల్‌కి వచ్చినందుకు సంతోషం అని ఒక్క మాట అనలేదు. కన్నతల్లి!

మార్చి 14, శనివారం

జడ్జీలు ముగ్గురి అభిప్రాయాలు పంపారు. పొద్దున్నించి ఒళ్ళు మండిపోతోంది. మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక బూత్‌లో తలుపేసుకుని రాస్తున్నాను. ఇందులో గొంతు చించుకుని అరిచినా బయటికి వినపడదు. అరిచాను కూడా.

ఒకరు: ‘భార్య పాత్ర చిత్రణ అద్భుతం.’

ఇంకొకరు: ‘ఈ స్క్రిప్టుకి గుండెకాయ భార్యే.’

మూడోవారు: ‘చెల్లెలి పాత్ర అవసరమా? ఎప్పుడు నోరు విప్పినా ఫిర్యాదే.’

గుండెకాయట! దాని గుండె ఎలాంటిదో చూపిద్దామనే కదా రాసింది! ఏం దాచాను నేను? ఆసుపత్రి నుంచి మనిషిని ఇంటికి తెచ్చి పడుకోబెట్టిందని రాయలేదా? ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్దామని తల్లీ చెల్లెలూ మొత్తుకుంటే వినలేదని రాయలేదా? ఆఖరి సీనులో మంచం పక్కన కూర్చుని, ప్రాణంతో ఉన్న మొగుణ్ణి, ‘ఇంక చాలు. మీరు వెళ్ళండి. నా బతుకు నేను బతుకుతాను’ అందని రాయలేదా? రాక్షసిని రాసి పంపితే మహాతల్లి అంటున్నారు. వీళ్ళు అసలు చదువుతారా, లేక కాగితాలు తూకం వేసి మార్కులేస్తారా?

డాక్టర్లు చేతులెత్తేశారంది ఆ రోజు వదిన. ఒక ఆసుపత్రివాళ్ళు చేతులెత్తేస్తే ఇంకోటి ఉండదా? లిఫ్టు ఆగిపోతే మెకానిక్‌ని పిలుస్తారు గానీ బిల్డింగు ఖాళీ చేసి వెళ్ళిపోరుగా. అన్నయ్య బతికినన్నాళ్ళూ చేసిన పని అదే, ఆగిపోయినవాటిని కదిలించడం. చేతికి గ్రీజు లేకుండా అన్నం ముందు కూర్చున్న రోజు లేదు. అలాంటివాడి విషయంలో ఎవరూ ఒక్క బోల్టు కూడా తిప్పి చూడలేదు.

ఆ ఆఖరి వారం నేను అక్కడ ఉండి ఉంటే అంత పని జరగనిచ్చేదాన్ని కాదు. సెంటర్లో సెలవు ఇవ్వలేదు. లేకపోతే వెళ్ళేదాన్ని.

మార్చి 15, ఆదివారం

కోపం లేదు. నిదానంగా చూస్తే మంచి మాటలే రాశారు.

మార్చి 16, సోమవారం

ఫిర్యాదట. ఫిర్యాదు!

ఏప్రిల్ 2, గురువారం

ఫైనల్‌కి వచ్చిన ఒక్కొక్కరికీ ఒక మెంటర్‌ని ఇచ్చారు. నాకొచ్చినాయన ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకుని వీడియోలో కూర్చున్నాడు. వెనక అల్మారా నిండా పుస్తకాలు. ఒక్కటీ తీసి చదివిన జాడ లేదు. అన్నీ వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి.

“మీ స్క్రిప్టు రెండుసార్లు చదివానండీ” అన్నాడు మఫ్లర్. “బాగుంది. ఒక్కటే అడుగుతాను. చివరి ఇరవై పేజీల్లో చెల్లెలు ఎక్కడుంది?”

“ఆవిడ ఊళ్ళో లేదండి.”

“ఎందుకు లేదు?”

“కుదరలేదు.”

“అదే, ఎందుకు కుదరలేదని.”

“ఆ వారం బస్సులు నడవలేదండి. సమ్మె.”

“ఓహో. స్క్రిప్టులో సమ్మె గురించి ఎక్కడా లేదే?”

“కథకి అనవసరమని తీసేశాను.”

మఫ్లర్ సర్దుకున్నాడు. “చూడండి, సినిమా అంతా ఈ అమ్మాయి కళ్ళతో చూస్తున్నాం. ఆమె కోపంతో చూస్తున్నాం. ఆఖర్లో ఆమె గదిలోనే లేదు. మరి లేని మనిషికి ఆ గదిలో భార్య అన్న మాట ఎలా తెలిసింది? ఎవరు విన్నారు?”

“సార్, మీ గొంతు తెగిపోతోంది” అన్నాను.

“నాకు మీ గొంతు బాగానే...”

కట్ చేశాను. నెట్ పోయిందని మెసేజ్ పెట్టాను. గురువు అంటే గురువులా ఉండాలి గానీ పోలీసులా ఆరాలు తీస్తే ఎలా? మెంటరట! అడ్డమైనవాళ్ళకీ ఓ మఫ్లర్ చుట్టేసి మెంటర్ అనేస్తున్నారు.

ఏప్రిల్ 19, ఆదివారం

కలం గట్టిగా నొక్కి రాస్తున్నాను, కాగితం చిరిగితే చిరగనీ.

బట్టలు ఆరేద్దామని బాల్కనీలోకి వెళ్ళబోయాను. అమ్మ అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. “మిషను ముందు అంతసేపు కూర్చోకే, నడుం పడిపోతుంది. మధ్యమధ్యలో లే. నేను చెప్పానని చెప్పు మీ ఓనరుకి” అంటోంది.

మిషనేమిటి, ఓనరేమిటి? మాకు తెలిసినవాళ్ళలో మిషను ముందు కూర్చునేది ఒక్కతే. కర్టెన్లు కుట్టే షాపులో.

“ఎవరే అది?” అన్నాను.

అమ్మ తొణకలేదు. ఫోన్లో, “ఉంటానే, ఇది వచ్చింది” అని పెట్టేసి నా వైపు తిరిగింది. “కోడలు.”

బకెట్ కింద పడేశాను. కావాలనే పడేశాను. “ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది ఈ బాగోతం?”

“మానిందెప్పుడు?”

“నీ కొడుకుని చేజేతులా చంపుకున్న మనిషితో రెండేళ్ళుగా కబుర్లు చెప్పుకుంటున్నావా?”

“నోరు జాగ్రత్త. వాడు నాకు కొడుకు. నీకంటే ముందు నాకు.”

“మరి నీకు కోపం లేదా అమ్మా?”

అమ్మ వంగి, నేల మీద పడ్డ తడిబట్టలు ఒక్కొక్కటే ఏరి బకెట్లో వేసింది. “నీకు కోపం ఉంది. నాకు కోడలుంది” అంది. “ఎవరికి ఉన్నది వాళ్ళం పెట్టుకుని బతుకుతున్నాం.”

“ఇదంతా నా వెనకాల...”

“నీ ముందర చేస్తే ఊరుకుంటావా? ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. వాడు పోయాక నువ్వు ముప్పావు మొగుడివై కూర్చున్నావు దాని నెత్తి మీద.”

ఇంకా ఉంది. నా స్క్రిప్టు ఉత్సవంలో చదువుతారని వదినకి ఎప్పుడో చెప్పేసిందట. తారీకుతో సహా.

“వస్తానందా?”

“నేనడగలేదు, అది చెప్పలేదు” అని బట్టలు ఆరేసుకోవడానికి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 20, సోమవారం

అమ్మతో మాట్లాడటం మానేశాను.

ఏప్రిల్ 22, బుధవారం

అమ్మ ఇంకా గమనించినట్టు లేదు.

మే 8, శుక్రవారం

ఉత్సవానికి సెలవు కావాలని మా సెంటర్ డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. లేదంటే ఏం అనాలో మెట్ల మీదే సిద్ధం చేసుకున్నాను. ఈసారి ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను.

ఆయన ఎవరి చెవిలోంచో తీసిన మెషీన్‌ని గుడ్డతో తుడుచుకుంటూ, “వెళ్ళిరామ్మా. దానికింత మొహం గంటు పెట్టుకుని అడగాలా? నీకెప్పుడైనా సెలవు కాదన్నానా? మీ అన్నయ్య బాగాలేనప్పుడు కూడా వెళ్ళమని నేనేగా పోరు పెట్టాను” అన్నారు.

డాక్టరుగారికి మతిమరుపు వచ్చేసింది. వయసైపోతోంది.

మే 22, శుక్రవారం. ఉత్సవం, మొదటిరోజు

పెద్ద హోటల్ కింద అంతస్తు మొత్తం తీసుకున్నారు. అడుగు పెడితే మడమ దిగబడే తివాచీలు, చలికి పళ్ళు టకటకలాడే ఏసీ. మెడలో అందరికీ బిళ్ళ ఒకటి వేలాడుతుంది. ఎదుటివాళ్ళు మొహం చూడరు, ముందు బిళ్ళ చూస్తారు. నిర్మాత అని ఉంటే పళ్ళన్నీ బయటికొస్తాయి. రచయిత అని ఉంటే చూపు భుజం మీదుగా జారిపోయి ఇంకో బిళ్ళ వెతుక్కుంటుంది. పొద్దున్నించి నా భుజం మీదుగా జారిన చూపుల బరువుకి భుజం నొప్పెట్టింది.

‘మీ గాయమే మీ కథ’ అని ఒక సదస్సు. వేదిక మీద కూర్చున్న నలుగురికీ ఒంటి మీద గీత కూడా పడినట్టు లేదు. ఒకాయన, ‘రచయిత అన్నవాడు తన రక్తంలో కలం ముంచాలి’ అన్నాడు. చప్పట్లు. నా పక్క సీటావిడ నా చెవిలో, “రక్తం గడ్డకట్టేస్తుందండీ, ఓ పేజీ కూడా రాదు” అంది. పళ్ళ డాక్టరట. దెయ్యాల సినిమా రాసి ఫైనల్‌కి వచ్చింది. ఈ మొత్తం హాల్లో మనిషిలా మాట్లాడింది ఆవిడొక్కతే.

ప్రశ్నల సమయంలో మైకు దొరికించుకున్న ప్రతివాడూ తన సొంత కథ చెప్పుకున్నాడు. ఒక్కడూ ప్రశ్న అడగలేదు. చివరికి నేను లేచాను. “గాయం మనది, దానికి కారణం ఇంకొకరు. కారణమైనవాళ్ళని ఉన్నదున్నట్టు రాస్తే జనం వాళ్ళనే మెచ్చుకుంటున్నారు. ఏం చెయ్యాలి?” అన్నాను. రక్తంలో ముంచినాయన నవ్వి, “అదృష్టవంతులు, బాగా రాశారన్నమాట” అన్నాడు. మళ్ళీ చప్పట్లు. చెప్పుచ్చుకు కొట్టాలనిపించింది.

సాయంత్రం రిహార్సల్. నటీనటులు కుర్చీల్లో కూర్చుని కాగితాలు పట్టుకుని చదువుతారు, అంతే. వదిన వేషం వేసే అమ్మాయి సన్నగా, జలుబుతో, ముక్కు తుడుచుకుంటూ ఉంది. ఆఖరి సీను దగ్గర ఆగి నన్ను అడిగింది.

“ఈ మాట ఎలా అనమంటారు మేడం?”

“విసుగ్గా. పీడ వదిలించుకుంటున్నట్టు.”

అలాగే అంది. ‘ఇంక చాలు. మీరు వెళ్ళండి. నా బతుకు నేను బతుకుతాను.’ మొహం మీద తలుపేసినట్టు అంది. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రెండేళ్ళుగా నా చెవుల్లో మోగుతున్నది సరిగ్గా అదే.

“సరిపోయిందా?” అంది.

“అచ్చం అలాగే” అన్నాను.

ఆ అమ్మాయి మాత్రం కాగితం చూసుకుంటూ కాసేపు అలాగే కూర్చుండిపోయింది.

మే 23, శనివారం

చెప్పింది చెప్పినట్టు చెయ్యడానికేం రోగం?

వరసగా రాస్తాను. లేకపోతే తల పగిలిపోతుంది.

పదకొండింటికి నా స్క్రిప్టు. హాలు నిండింది. నేను ముందు వరుసలో మఫ్లర్ పక్కన కూర్చున్నాను. అన్నయ్య వేషం కుర్రాడు బాగానే చదివాడు. లిఫ్టులో ఇరుక్కున్న ముసలమ్మకి బయటినుంచి పాటలు పాడి ధైర్యం చెప్పే సీనుకి జనం పడీపడీ నవ్వారు. ఇది కదా మా అన్నయ్య అనుకున్నాను. ఆసుపత్రి సీను వచ్చింది. చెల్లెలు వదిన మీద అరిచే సీను. నేను ఏడుస్తూ రాసిన సీను. హాల్లో ఎవరో దగ్గారు. ఎవరో ఫోన్ చూసుకున్నారు. నా వెనక ఒకావిడ పక్కావిడతో, “ఈ పిల్లకి ఎంతసేపూ అరుపులేనా?” అంది. వెనక్కి తిరిగి చూశాను. తల దించుకుంది.

ఆఖరి సీను. జలుబు పిల్ల కాగితం ఒళ్ళో పెట్టేసింది. అన్నయ్య వేషం కుర్రాడి వైపు తిరిగింది. నేను చెప్పింది విసుగ్గా అనమని. ఆ పిల్ల నవ్వింది. పసివాడికి నిద్ర వస్తుంటే దీపం తీసేసే తల్లి నవ్వుతుందే, అలా.

“ఇంక చాలు” అంది. ఎంతో నెమ్మదిగా. “మీరు వెళ్ళండి.” కాస్త ఆగింది. “నా బతుకు... నేను బతుకుతాను.”

నా గురించి బెంగ పెట్టుకోకండి అన్నట్టు. మీరు ఇంక కష్టపడకండి అన్నట్టు.

మాట ఒక్కటీ మార్చలేదు. అవే మాటలు. నేను రాసినవే. నేను విషం పోసి రాస్తే ఆ పిల్ల పాలు చేసి పోసింది. హాలంతా గుడ్డలు నోట్లో కుక్కుకున్నట్టు ఏడుస్తోంది. మఫ్లర్ తన మఫ్లర్‌తోనే కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రచయిత్రిని పైకి రమ్మన్నారు. నేను పైకెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నవ్వు మొహంతో, “నేనెలా చెప్పాను?” అని పళ్ళ మధ్యలోంచి అడిగాను.

“రాత్రి మా అమ్మకి చదివి వినిపించాను మేడం. అలా అనకూడదే, ఇలా అంటారు అని చెప్పింది” అంది. అమాయకురాలు.

అప్పుడు వేదిక మీదనుంచి చూశాను. ఆఖరి వరుసలో, తలుపు పక్కన, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వదిన. అందరూ నిలబడి ఉన్నారు, తనొక్కతే కూర్చుని ఉంది. అందుకే కనపడింది.

నడవాలో, కాఫీ మెషీన్ దగ్గర పట్టుకున్నాను.

“ఎవరు రమ్మన్నారు నిన్ను?” అన్నాను.

“ఎవరూ రమ్మనలేదు. టికెట్ కొనుక్కుని వచ్చాను.” జుట్టు బాగా నెరిసింది. గొంతు మాత్రం అదే, వినపడీ వినపడనట్టు.

“చూశావుగా. విన్నావుగా. ఇప్పుడేమంటావు? అబద్ధమంటావా?”

బిళ్ళలు మెళ్ళో వేసుకున్నవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. ఇంకేదో సీను చదువుతున్నామని అనుకుని ఉంటారు.

“ఆసుపత్రిలో నువ్వరిచిందంతా నిజమే” అంది వదిన. “ఆఖర్న ఆ మాట మాత్రం నేను అనలేదు.”

“తెలుసు. నేను రాశాను.”

“అనుంటే బాగుండేది.”

నేను చేతికందిన కాఫీ కప్పు తీసి మళ్ళీ అక్కడే పెట్టాను.

“చివరిదాకా తగ్గిపోతుంది, తగ్గిపోతుంది అనే చెబుతూ వచ్చాను. ఆయనకి తెలుసు తగ్గదని. నాకోసం నమ్మినట్టు తలాడించేవారు. వెళ్ళండి, నేను బతుకుతానులే అని ఒక్కసారి అని ఉంటే, అంత లాగకుండా వెళ్ళిపోయేవారేమో. నాకు తోచలేదు. నీకు తోచింది.” బ్యాగు భుజానికి తగిలించుకుంది. “నీకెలా తోచిందో గానీ, మంచి మాట రాశావు.”

“నేను మంచికి రాయలేదు!” అని అరిచాను.

“అదీ తెలుసు” అని వెళ్ళిపోయింది.

అరుద్దామంటే ఈ హోటల్లో బూత్ లేదు.

మే 24, ఆదివారం

మొదటి బహుమతి పళ్ళ డాక్టరు దెయ్యానికి వచ్చింది. రావలసిందే. నాకు ‘ప్రత్యేక ప్రశంస’. జలుబు పిల్లకి ఉత్తమ పఠనం. అంటే నా స్క్రిప్టుకి వచ్చిన అసలు బహుమతి కూడా వదినకే వచ్చినట్టు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

పళ్ళ డాక్టరు వచ్చి వాటేసుకుంది. “మీ స్క్రిప్టు విని నాకు నిద్ర పట్టలేదు. నా దెయ్యానికి ఎవరూ భయపడలేదు గానీ మీ చెల్లెలికి భయపడ్డాను” అంది. ఆవిడ మీద మాత్రం కోపం రాలేదు. ఎందుకు రాలేదో!

మఫ్లర్ పక్కకి తీసుకెళ్ళాడు. ఒక నిర్మాతకి నచ్చిందట. చివరి ఇరవై పేజీలు తిరగరాయాలట. చెల్లెలు కనపడాలట.

“అక్కడ లేదని చెప్పాను కదండీ. ఆమెకి జ్వరం, కదల్లేకపోయింది” అన్నాను.

“సమ్మె అన్నారు మొన్న” అన్నాడు. నేను మెడలో బిళ్ళ సర్దుకున్నాను. ఆయన రెట్టించలేదు. “లేకపోవడం కూడా ఒక సీనేనండీ. కాకపోతే ఆ గదిలో ఏం జరిగిందో తెలియకుండా అది రాయలేరు. తెలిసినవాళ్ళని అడగండి” అన్నాడు.

మంచిగానే అన్నాడు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

మే 25, సోమవారం

బస్సు దిగి ఇంటికి వెళ్ళాల్సింది. వదిన ఉండే ఊరికి ఇంకో బస్సెక్కి, కర్టెన్ల షాపుకి వెళ్ళాను.

కింద అమ్మకం, మేడ మీద కుట్టుపని. ఇరుకు మెట్లు. పైన గది ఈ గోడనుంచి ఆ గోడదాకా వేలాడే గుడ్డలే. ఎవరు ఎక్కడున్నారో తెలియదు, మిషను చప్పుడుని బట్టి వెతుక్కోవాలి. వదిన కిటికీ దగ్గర కూర్చుని ఏదో ఆకుపచ్చ గుడ్డ పొడుగునా కుట్టు వేస్తోంది. నన్ను చూసి ఆపలేదు. చుట్టిన గుడ్డ తాను ఒకటి కాలితో నా వైపు నెట్టింది. దాని మీద కూర్చున్నాను.

“ఆ స్క్రిప్టు ఆపేస్తాను. ఎవరికీ ఇవ్వను” అన్నాను. అదొక గొప్ప త్యాగమని, తను కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని అనుకున్నానేమో.

మిషను ఆగింది.

“ఆపేస్తావా?” అంది. “ఎందుకు ఆపుతావు? మొన్న ఆ హాల్లో జనం ఆయన్ని చూసి నవ్వారు. ఆయన పాడిన పాటకి నవ్వారు. రెండేళ్ళ తర్వాత ఆయన మాట్లాడగా విన్నాను నేను. ఆపడానికి నువ్వెవరివి?”

“నిన్ను అలా రాశానని...”

“రాసుకో. నన్ను రాక్షసిని చేసుకో, దేవతని చేసుకో. నా మొహం మీద ఏమైనా రాసుకో. అన్నీ రాశావు కదా, ఆసుపత్రి మంచం రంగు కూడా రాశావు. మరి ఆ వారం రమ్మని నీకు చేసిన ఫోన్లు రాయలేదే?”

“ఏ ఫోన్లు?”

అది అడగకుండా ఉండాల్సింది.

వదిన లేచి నిలబడింది. నేను ఆమెని చూస్తున్న ఇన్నేళ్ళలో గొంతు పెంచడం వినలేదు. వేలాడే గుడ్డల వెనకనుంచి మిగతా మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“రెండేళ్ళు నువ్వే కోప్పడ్డావు” అంది. “ఆసుపత్రిలో నువ్వే. ఇంట్లో నువ్వే. ఆయన పోయిన రోజు కూడా, అందరి ముందూ, నువ్వే. సినిమా రాసి మరీ కోప్పడ్డావు. కోపమంతా నీ ఒక్కదాని సొత్తయినట్టు. నేను మొగుణ్ణి పోగొట్టుకున్నాను. నాకు కోపం రాదా? నా వంతు ఎప్పుడే?”

నేను తాను మీదనుంచి లేవబోయాను.

“కూర్చో” అంది.

కూర్చున్నాను.

తర్వాత తను అన్నవి ఇక్కడ రాయను. చాలాసేపు అంది. ఆ వారం అంతా చెప్పింది, సోమవారం నుంచి మొదలుపెట్టి. నన్నేమేమి అందో, ఏ మాటకి ఏ పేరు పెట్టి తిట్టిందో అంతా గుర్తుంది. జీవితంలో ఇంతదాకా ఏది విన్నా, దీన్నెక్కడ వాడుకోవచ్చా అని ఒక చెవి వేసి ఉంచేదాన్ని. ఇవాళ రెండు చెవులూ అక్కడే ఉన్నాయి. ఆ మాటలు నన్ను అన్నవి. కాగితానికి ఇవ్వను.

మధ్యలో రెండుసార్లు ఎదురు చెప్పాను. రెండోసారి తను ఆకుపచ్చ గుడ్డ నా మొహాన కొట్టింది. తగులుతూనే నాకూ రేగింది. “నేనూ వాణ్ణే పోగొట్టుకున్నాను” అన్నాను. “పోగొట్టుకోవడానికి దగ్గర ఉండాలి” అంది. ఇదొక్కటీ రాశాను. రాయకుండా ఉండలేకపోయాను.

అయ్యాక ఇద్దరికీ గొంతులు పోయాయి. వెనకనుంచి ఎవరో రెండు గ్లాసుల మంచినీళ్ళు తెచ్చి మా మధ్య నేల మీద పెట్టి వెళ్ళారు. వదిన తాగి, మిషను ముందు కూర్చుని, కుట్టు ఎక్కడ ఆగిందో వెతుక్కుంది.

“ఈ గుడ్డ ముడతలు పడింది నీవల్ల” అంది. “ఆ చివర పట్టుకో.”

పట్టుకున్నాను. పొడుగు కర్టెను. ఒకళ్ళు పట్టుకుంటే గానీ కుట్టు తిన్నగా రాదు.

మే 27, బుధవారం

అమ్మతో మాట్లాడాను. “నెల రోజులుగా మాట్లాడటం లేదు కదా నీతో, నీకేమీ అనిపించలేదా?” అని అడిగాను. “ప్రశాంతంగా అనిపించింది” అంది.

ఈ ఇంట్లో ఎవరి మీదా కోపం నిలబెట్టుకోవడానికి లేదు.

మే 31, ఆదివారం

చివరి ఇరవై పేజీలు చించేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ మాట జలుబు పిల్ల అన్నట్టే అంటుంది భార్య. నాకు నచ్చినా నచ్చకపోయినా అదే బాగుంది, ఏం చెయ్యను.

చెల్లెల్ని తెచ్చాను. అంతా అయిపోయిన తర్వాత వస్తుంది. గుమ్మంలో నిలబడుతుంది. భార్య ఆమెని చూసి మొదలుపెడుతుంది. ఏమంటుందో నేను రాయలేదు. ‘భార్య అరుస్తుంది’ అని మాత్రం రాశాను. ఏమని అరవాలో జలుబు పిల్ల వాళ్ళమ్మని అడుగుతుందిలే.

చెల్లెలికి ఎన్ని డైలాగులు రాసినా కొట్టేయాల్సి వచ్చింది. చివరికి ఒక్కటీ మిగల్లేదు. నిలబడి వింటుంది, అంతే. మఫ్లర్‌కి అదే పంపాను. నచ్చితే తీసుకుంటాడు, నచ్చకపోతే మెడకి చుట్టుకుంటాడు.